చేతిలో టెండన్ తెగితే

కండరాన్ని ఎముకకు కలిపే తెల్లని గట్టి పట్టీని టెండన్ అంటారు. పాఠ్యపుస్తకాల్లో స్నాయువు అని రాస్తారు. కండరం ముడుచుకున్నప్పుడు పుట్టే బలాన్ని ఎముక దాకా చేరవేయడమే దాని పని. అది తెగినా కండరం బాగానే ఉంటుంది, ఎముక విరగదు, కీలు తప్పదు. అయినా వేలు ముడుచుకోదు, లేదా మోచేతిలో బలం ఉండదు. గాయం చిన్నదిగా కనిపించడం, నొప్పి నాలుగైదు రోజుల్లో తగ్గుముఖం పట్టడం ఈ దెబ్బలోని అసలు ప్రమాదం. నొప్పి తగ్గింది కదా అని ఇంటి దగ్గర ఉండిపోయిన ఆ రెండు మూడు వారాల్లోనే, తేలిగ్గా కుట్టగలిగిన టెండన్ కాస్తా కుట్టడానికి అందకుండా పోతుంది.

మలేషియాలో చేతి బలంతోనే గడిచే పనులు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. కువాలా సెలంగోర్ దగ్గర టెన్నమరాన్ ఎస్టేట్‌లో 1917లో తొలి వాణిజ్య ఆయిల్‌పామ్ తోట వేశారు. నూరేళ్లు దాటినా గెల కోసే తీరు పెద్దగా మారలేదు. చెట్టు పొట్టిగా ఉన్నన్నాళ్లూ గెడకు బిగించిన ఉలితో పొడిచి కోస్తారు. ఎత్తు పెరిగాక పొడవాటి అల్యూమినియం గెడ చివర కొడవలి కట్టి లాగుతారు. ఒక్కో గెల 10 నుంచి 25 కిలోలు తూగుతుంది. ఏలూరు, ఖమ్మం జిల్లాల ఆయిల్‌పామ్ రైతులకు ఈ పని ఎంత బరువైనదో చెప్పనక్కర్లేదు. మలేషియా పామాయిల్ బోర్డు తయారుచేయించిన కాంతాస్ అనే మోటారు కోత యంత్రం కొంత శ్రమ తగ్గించింది కానీ, బాగా ఎత్తు పెరిగిన చెట్ల దగ్గర ఇంకా గెడే దిక్కు. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుంచి వలస వెళ్లిన తెలుగువాళ్లు దక్షిణ పెరాక్‌లోని బాగాన్ దాతు చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో తరతరాలు ఇలాంటి పనులే చేశారు. వారి పిల్లలు చాలామంది పట్నాలకు చేరారు. ఇప్పుడు తోటల్లో గెడ పట్టేవాళ్లలో ఎక్కువమంది ఇండోనేషియా నుంచి వచ్చినవారు. మనుషులు మారినా చేతులకు తగిలే దెబ్బలు అవే.

ఈ దెబ్బలు రెండు రకాలు. కత్తో, గాజుపెంకో, యంత్రమో పైనుంచి కోసేస్తే టెండన్ తెగడం ఒకటి. చర్మం మీద గీత కూడా పడకుండా, మోయలేని బరువుకు లోపల టెండన్ ఎముక నుంచి ఊడిపోవడం రెండోది. మొదటిది ఎక్కువగా ముంజేతిలో, వేళ్లలో; రెండోది భుజం, మోచేతి దగ్గర.

కత్తిగాటుతో మొదలుపెట్టాలి, ఎందుకంటే పొరబాట్లు ఎక్కువగా జరిగేది అక్కడే. కొబ్బరి బొండాం కొడుతున్నప్పుడో, దురియన్ పండు చీలుస్తున్నప్పుడో పారాంగ్ కత్తి జారి ఎడమచేతి వేళ్ల మీద పడుతుంది. వేలి మొదట్లో అంగుళం గాటు. రక్తం ఆగిపోతుంది. దగ్గర్లోని క్లినిక్‌లో చర్మానికి మూడు కుట్లు వేసి, టెటనస్ ఇంజెక్షన్ ఇచ్చి పంపేస్తారు. కుట్లు విప్పిన రోజున గానీ ఆ వేలు ముడుచుకోవడం లేదని ఎవరూ గమనించరు.

అలా జరగకూడదంటే చేతి లోపలి అమరిక కొంచెం తెలియాలి. వేళ్లను ముడిచే కండరాలు ముంజేతిలో ఉంటాయి. వాటి టెండన్లు మణికట్టు దాటి వేళ్ల దాకా వెళ్తాయి. బొటనవేలికి ఒకటి, మిగతా నాలుగు వేళ్లకు రెండేసి చొప్పున మొత్తం తొమ్మిది టెండన్లు, ఒక ముఖ్యమైన నరంతో పాటు మణికట్టులోని ఇరుకు దారిలోంచి సాగుతాయి. ఒక్కో వేలిలో పైనున్న టెండన్ నడిమి కణుపును వంచుతుంది. లోపలిది వేలి కొన దాకా వెళ్లి చివరి కణుపును వంచుతుంది. వేలు ముడిచినప్పుడు ఇవి ఎముకను విడిచి పైకి లేవకుండా గట్టి వలయాలు అదిమిపట్టి ఉంచుతాయి. ఆ సన్నని గొట్టంలో రెండు టెండన్లు ఒకదాని పక్కన ఒకటి జారుతూ ఉండాలి. తెగిన టెండన్ ఉన్నచోటే ఉండదు. కండరం వైపు కొస, లంగా బొందు తెగి నేఫాలోకి జారిపోయినట్టు, అరచేతిలోకో మణికట్టు దాకానో వెనక్కి వెళ్లిపోతుంది.

పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ముందు చూపు చాలు. వెల్లకిలా పెట్టిన చేతిని వదులుగా వదిలేస్తే చూపుడువేలు కొద్దిగా, చిటికెన వేలు అందరికంటే ఎక్కువగా, వరసగా వంగి ఉంటాయి. ఆ వరసలో ఒక్క వేలు కర్రలా నిటారుగా నిలబడితే దాని టెండన్లు రెండూ తెగినట్టే. తరవాత ఒక్కో టెండన్‌ను విడిగా పరీక్షించాలి. నడిమి కణుపు కదలకుండా పట్టుకుని వేలి కొన వంచమంటే లోపలి టెండన్ సంగతి తెలుస్తుంది. మిగతా వేళ్లన్నీ చాపి పట్టుకుని గాయపడ్డ వేలిని మాత్రమే ముడవమంటే పై టెండన్ బయటపడుతుంది. పసిపిల్లలు, స్పృహలో లేనివారు చెప్పినట్టు చేయలేరు. అలాంటప్పుడు మణికట్టును వెనక్కి వంచితే వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. టెండన్ తెగిన వేలు ముడుచుకోదు. ముంజేతిని మెల్లగా నొక్కినా ఇదే కనిపిస్తుంది.

ఇక్కడ రెండు మెలికలు ఉన్నాయి. కత్తి పిడిని గట్టిగా పట్టుకున్న వేలు ముడుచుకుని ఉన్నప్పుడు గాటు పడితే, వేలు చాపాక టెండన్ తెగిన చోటు చర్మం మీది గాయానికి ఎదురుగా ఉండదు, వేలి కొన వైపు జరిగిపోతుంది. గాయం అంచులు విప్పి చూసిన డాక్టరుకు లోపల నిగనిగలాడే నిండు టెండన్ కనిపించి, అంతా బాగానే ఉందనిపిస్తుంది. రెండోది సగం తెగిన టెండన్. వేలు ముడుచుకుంటూనే ఉంటుంది. ఏదైనా అడ్డుపెట్టి ముడవమంటే నొప్పి పుడుతుంది. ఆ నొప్పిని పట్టించుకోకపోతే కొన్నాళ్లకు బరువు ఎత్తుతుండగా పూర్తిగా తెగిపోవచ్చు. వేలికి రెండు పక్కలా నరాలు ఉంటాయి కాబట్టి కొనలో స్పర్శ ఉందో లేదో మత్తు ఇంజెక్షన్ ఇవ్వకముందే చూడాలి. ఆ తరవాత చూస్తే తెలియదు. గాజుముక్క మిగిలిందేమో, ఎముక విరిగిందేమో ఎక్స్‌రే చెబుతుంది. వెనక్కి జారిన కొస ఎక్కడ ఆగిందో అల్ట్రాసౌండ్ చూపిస్తుంది.

ఇంటి దగ్గర చేయాల్సింది కొంచెమే: శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి చేయి పైకెత్తి ఉంచాలి, వాపు రాకముందే ఉంగరాలు తీసేయాలి, పసుపు, కాఫీపొడి లాంటివి గాయంలో నింపకూడదు. వేలికి రక్తం అందకుండా పోతే తప్ప టెండన్‌ను ఆ రాత్రికి రాత్రే కుట్టాల్సిన పనిలేదు. గాయం కడిగి, చర్మం మూసి, చేయి కదలకుండా స్ప్లింట్ (బద్ద) కట్టి, చేతి సర్జరీ తెలిసిన వైద్యుల దగ్గరికి పంపితే సరిపోతుంది. మొదటి వారం పది రోజుల్లో కుడితే ఫలితం బాగుంటుంది. మలేషియాలో తాలూకా ఆసుపత్రి నుంచి రాష్ట్ర ఆసుపత్రికి, అవసరమైతే కువాలాలంపూర్, సెలాయంగ్ ఆసుపత్రులకు పంపే ఏర్పాటు ఉంది. సెలాయంగ్ ఆసుపత్రిలోనే 2000లో డాక్టర్ వి. పద్మనాథన్ బృందం నెల వయసున్న పసిపాపకు, చనిపోయిన ఆమె కవల చేతిని అతికించింది. రక్తనాళాలు, నరాలు, ఎముకతో పాటు టెండన్లన్నిటినీ ఒక్కొక్కటిగా కలపాల్సిన పని అది.

ఒకప్పుడు అరచేతి మడతకూ వేలి మధ్యభాగానికీ నడుమ తెగిన టెండన్లను వెంటనే కుట్టేవారు కాదు. కుట్టినా గొట్టంలో అతుక్కుపోయి వేలు కొయ్యబారిపోయేది. అమెరికన్ సర్జన్ స్టెర్లింగ్ బన్నెల్ ఆ భాగానికి నో మ్యాన్స్ ల్యాండ్ అని పేరుపెట్టారు. గాయం మానాక వేరేచోటి టెండన్ తెచ్చి వేయడమే మేలని చెప్పారు. 1967లో హెరాల్డ్ క్లైనర్ట్ బృందం అక్కడ కూడా వెంటనే కుట్టి, రబ్బరు బ్యాండు సాయంతో వేలిని తొందరగా కదిలిస్తే బాగవుతుందని చూపించాక ఆ మాట చెల్లకుండా పోయింది. ఇప్పుడు రెండు కొసలనూ నాలుగు లేదా ఆరు పోగులు దాటేలా బలమైన దారంతో కుట్టి, అంచు చుట్టూ సన్నని దారంతో నున్నగా మరో కుట్టు వేస్తారు. వలయాలలో ముఖ్యమైనవాటిని కాపాడుకుంటారు. కుట్టు లావై గొట్టంలో ఇరుక్కుంటే ఎంత గట్టిగా వేసినా లాభం లేదు.

ఈ ఇరుక్కోవడాన్ని బల్ల మీదే పట్టుకునే మార్గం కెనడాలోని సెయింట్ జాన్ నగరానికి చెందిన డాక్టర్ డొనాల్డ్ లలోండ్ ప్రచారంలోకి తెచ్చారు. పూర్తి మత్తు లేదు, రక్తం ఆపడానికి చేతికి బిగించే పట్టీ (టూర్నికే) లేదు. మొద్దుబరిచే మందు లిడోకైన్‌లో అడ్రినలిన్ కలిపి ఆపరేషన్ చేసే చోట మాత్రమే ఎక్కిస్తారు. అడ్రినలిన్ రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. వేళ్లలో అడ్రినలిన్ వాడితే వేలు చచ్చిపోతుందని ఎన్నో ఏళ్లు పాఠాల్లో చెప్పారు. సరైన మోతాదులో ఆ భయం అక్కర్లేదని అనుభవం తేల్చింది. కుట్టు అయ్యాక, చర్మం మూయకముందే సర్జన్ మెలకువగా ఉన్న రోగిని వేలు ముడిచి చాపమంటారు. కుట్టు ఎక్కడైనా విడివడుతుంటే, వలయానికి తగులుకుంటుంటే కంటికి కనిపిస్తుంది, అప్పుడే సరిచేస్తారు. మలేషియా సర్జన్లు ఈ పద్ధతిని ముందుగా అందిపుచ్చుకున్నవాళ్లలో ఉన్నారు. ముంజేతి ఎముకలకు ప్లేట్లు బిగించడానికి కూడా దీన్ని వాడి ఫలితాలు ప్రచురించారు. మత్తు డాక్టరు ఖాళీ కోసం రోజుల తరబడి ఎదురుచూడాల్సిన ఆసుపత్రుల్లో ఇది పెద్ద వెసులుబాటు.

ఆపరేషన్ సగమే. మిగతా సగం ఫిజియోథెరపీ గదిలో జరుగుతుంది. కుట్టిన టెండన్ మొదటి మూడు వారాలు బలహీనంగా ఉంటుంది. గట్టిగా లాగితే తెగుతుంది, కదపకుండా ఉంచితే చుట్టూ ఉన్న కణజాలానికి అతుక్కుపోతుంది. ఈ రెంటి మధ్య సన్నని దారి పట్టుకోవాలి. చేతి వెనకవైపు వేళ్లు పూర్తిగా చాచనివ్వని స్ప్లింట్ పెట్టి, మూడో రోజు నుంచి ఐదో రోజు లోపు వాపు తగ్గాక చిన్నచిన్న కదలికలు మొదలుపెడతారు. మొదట పిడికిలిలో మూడో వంతు, తరవాత సగం. గంటగంటకూ, రోగి స్వయంగా. స్ప్లింట్ దాదాపు ఆరు వారాలు. ఆపైన అన్నం కలుపుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం లాంటివి. బరువు పనులకు 12 వారాలు దాటాలి. ఎనిమిదో వారంలో బాగానే ఉందని బకెట్ ఎత్తి టెండన్ తెంపుకున్నవాళ్లు ప్రతి చేతి సర్జన్‌కూ తారసపడతారు. ఎంత జాగ్రత్త పడినా కొందరికి వేలు బిగుసుకుంటుంది. కొన్ని నెలలు ఆగి అతుకులు విడదీసే మరో ఆపరేషన్ చేస్తారు.

నెలలు దాటాక వచ్చినవారి దారి వేరు. కొసలు కుంచించుకుపోతాయి, గొట్టం మూసుకుపోతుంది. అప్పుడు ముందు ఒక సిలికాన్ కడ్డీని వేలిలో అమరుస్తారు. దాని చుట్టూ కొత్త గొట్టం ఏర్పడ్డాక, మూడు నెలల తరవాత కడ్డీ తీసి, మణికట్టులో పెద్దగా ఉపయోగం లేని పామారిస్ లాంగస్ టెండన్‌నో కాలి టెండన్‌నో దాని స్థానంలో వేస్తారు. రెండు ఆపరేషన్లు, దాదాపు ఏడాది కాలం. మొదటి వారంలో అయితే ఒక్క ఆపరేషన్‌తో పోయేది.

గాటు లేకుండా ఊడిపోయే టెండన్లలో మోచేతి దగ్గరి బైసెప్స్ టెండన్‌కు ముందు చోటివ్వాలి. నలభై నుంచి అరవై ఏళ్ల మగవాళ్లలో ఇది ఎక్కువ. వంచిన మోచేతిని బరువు ఒక్కసారిగా చాచేసినప్పుడు ఇది జరుగుతుంది. జారిపోతున్న గెలను లారీలోకి ఎక్కించే ప్రయత్నంలోనో, మోటార్‌సైకిల్ పడిపోతుంటే ఒంటిచేత్తో పట్టుకోబోయినప్పుడో. టప్‌మని చప్పుడు వినిపించిందని చాలామంది చెబుతారు. మోచేతి మడత దగ్గర కమిలి నల్లబడుతుంది, పై చేతిలో కండ పైకి లాగుకుపోతుంది. మోచేయి వంగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆ పని చేసే కండరం కింద మరొకటి ఉంది. అందుకే కండ పట్టేసిందనుకుని మర్దనా చేయించుకుంటారు. అసలు నష్టం అరచేతిని పైకి తిప్పే బలంలో. స్క్రూడ్రైవర్ తిప్పడం, తాళం తీయడం కష్టమవుతుంది.

దీనికి హుక్ టెస్ట్ అనే తేలికైన పరీక్ష ఉంది. మోచేయి 90 డిగ్రీలు వంచి అరచేయి ముఖం వైపు తిప్పి ఉంచితే, మోచేతి మడతలో తాడులాంటి టెండన్ పైకి లేస్తుంది. బయటి పక్క నుంచి చూపుడువేలు దాని కిందకి దూర్చి కొక్కెంలా లాగగలిగితే టెండన్ ఉన్నట్టు. వేలికి ఏమీ తగలకపోతే ఊడినట్టు. లోపలి పక్క నుంచి చూస్తే అక్కడి మరో పట్టీ తగిలి మోసపోవచ్చు. పాక్షికంగా తెగిందేమోనన్న అనుమానం ఉంటే ఎంఆర్ఐ తీస్తారు. ఆపరేషన్ చేయకుండా వదిలేస్తే అరచేతిని తిప్పే బలంలో సుమారు 40 శాతం, మోచేయి వంచే బలంలో సుమారు 30 శాతం తగ్గుతుంది. కూర్చుని పనిచేసే పెద్ద వయసువారికి అది చాలు. గెడ పట్టి బతకాల్సిన మనిషికి చాలదు. రెండు మూడు వారాల్లోపు అయితే ముంజేతిలోని రేడియస్ ఎముకలో చిన్న రంధ్రం చేసి, టెండన్‌ను మళ్లీ అక్కడ లోహపు బొత్తంతో బిగిస్తారు. ముంజేతి బయటి పక్క కొన్నాళ్లు తిమ్మిరి ఉండటం ఈ ఆపరేషన్‌లో తరచూ కనిపించే ఇబ్బంది, చాలావరకు తగ్గిపోతుంది. పూర్తి బరువుకు నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది.

అదే బైసెప్స్ భుజం దగ్గర తెగితే కథ తేలిక. కండ కిందికి జారి మోచేతి పైన ఉబ్బుగా కనిపిస్తుంది, చూడటానికి భయంగా ఉంటుంది. బలం పెద్దగా తగ్గదు. వయసు మళ్లినవారికి ఆపరేషన్ అవసరం పడేది అరుదు. మోచేతి వెనక ట్రైసెప్స్ టెండన్ ఊడటం అన్నిటికంటే అరుదు. చేయి తలపైకి ఎత్తి మోచేయి చాచలేకపోవడం దాని గుర్తు. ఎక్స్‌రేలో చిన్న ఎముక రేకు కనబడవచ్చు. పూర్తిగా ఊడితే వెంటనే బిగించాల్సిందే. డయాలసిస్ మీద ఉన్నవారిలో ఇది మరింత గమనించాలి.

వేళ్లను చాచే టెండన్లు చర్మం కిందే ఉంటాయి కాబట్టి చిన్న దెబ్బకే చితికిపోతాయి. బంతి తగిలి వేలి కొన వాలిపోతే, ఆపరేషన్ అక్కర్లేదు: కొనను నిటారుగా ఉంచే స్ప్లింట్ ఆరు నుంచి ఎనిమిది వారాలు, స్నానంలో కూడా తీయకుండా. మధ్యలో ఒక్కసారి కొన వంగితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మరొకటి విచిత్రమైనది. మణికట్టు ఎముక సన్నగా చిట్లి, అంతా మానిందనుకున్న కొన్ని వారాలకు బొటనవేలు అకస్మాత్తుగా పైకి లేవదు. అరచేయి బల్లకు ఆనించి బొటనవేలు ఎత్తమంటే తెలిసిపోతుంది. ఎముక గరుకు వల్ల, రక్తం సరిగా అందకపోవడం వల్ల టెండన్ అరిగి తెగుతుంది. అరిగిన కొసలను కుట్టడం కుదరదు. చూపుడువేలిని చాచడానికి రెండు టెండన్లు ఉన్నాయి కాబట్టి ఒకదాన్ని బొటనవేలికి మళ్లిస్తారు. ఫలితం చక్కగా ఉంటుంది.

బలమైన టెండన్ ఊరికే తెగదు. లోపల ముందే పుచ్చి ఉంటుంది. వయసు, పొగతాగడం, మధుమేహం, టెండన్ చుట్టూ పదేపదే వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు దాన్ని బలహీనపరుస్తాయి. మలేషియాలో మధుమేహం చాలా ఎక్కువ. 2019 జాతీయ ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో 18.3 శాతానికి ఉన్నట్టు తేలింది, అందులోనూ భారత సంతతివారిలో ఎక్కువ. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ టెండన్లు తెగే ముప్పు పెంచుతాయని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక చేర్చింది. అరవై దాటినవారు, స్టెరాయిడ్ మాత్రలు వాడేవారు ఆ మందులు వేసుకుంటుండగా కాలి మడమ దగ్గరో భుజంలోనో కొత్తగా నొప్పి వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆయిల్‌పామ్ మట్ట ముల్లు వేలిలో విరిగితే అదీ చిన్న విషయం కాదు. టెండన్ గొట్టంలో చీము పడితే గంటల్లో వేలంతా వాచి, చాపబోతే ప్రాణం పోయేంత నొప్పి పుడుతుంది. ఆలస్యమైతే టెండన్ కుళ్లిపోతుంది.

దెబ్బ తగలగానే పట్టుకుపోయేది మర్దనా చేసే మలయ్ తుకాంగ్ ఊరుత్ దగ్గరికో, చైనా సంప్రదాయ వైద్యుడైన సిన్సే దగ్గరికో. బెణుకులకు, కండరాల నొప్పులకు వాళ్ల చేతి నేర్పు మీద నమ్మకం తరాలుగా ఉంది. 2016లో సంప్రదాయ వైద్య చట్టం కూడా వచ్చింది. వేలు కదలకపోతే, కండ జరిగిపోతే మాత్రం మర్దనా పనికిరాదు. ఊడిన టెండన్‌ను నూనె ఎముకకు చేర్చలేదు, పోయిన వారం మళ్లీ రాదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో మలేషియా పౌరులు ఓపీకి ఒక రింగిట్, స్పెషలిస్టుకు 5 రింగిట్‌లు కడితే చాలు. విదేశీ కార్మికులు ఎన్నో రెట్లు ఎక్కువ చెల్లించాలి. పని చేస్తుండగానో, పనికి వెళ్లే దారిలోనో దెబ్బ తగిలితే పెర్కేసో అనే సామాజిక భద్రతా సంస్థ ఆదుకుంటుంది. 1969 చట్టం కింద నడిచే ఈ పథకంలో యజమాని 48 గంటల్లో ప్రమాదాన్ని తెలియజేయాలి. డాక్టరు నాలుగు రోజులకు తగ్గకుండా సెలవు రాస్తే సగటు దినసరి వేతనంలో 80 శాతం అందుతుంది. 2019 జనవరి 1 నుంచి విదేశీ కార్మికులనూ ఇందులో చేర్చారు. టెండన్ కుట్టిన కార్మికుడికి ఈ డబ్బు మందుల ఖర్చు కంటే ముఖ్యం, ఎందుకంటే 12 వారాలు పని మానమనడం తేలిక, ఆ 12 వారాలు ఇల్లు గడవడం తేలిక కాదు. ఆకలికి తాళలేక ఆరో వారంలో కొడవలి పట్టినవాడి కుట్టు నిలవదు. మెలకాలో పెర్కేసో నడిపే తున్ అబ్దుల్ రజాక్ పునరావాస కేంద్రంలో ఫిజియోథెరపీతో పాటు పాత పనికి సరిపోయే బలం వచ్చిందో లేదో పరీక్షిస్తారు. రాకపోతే గెడ పని నుంచి నర్సరీకో, తూకం దగ్గరికో, డ్రైవింగ్‌కో మార్చే విషయం యజమానితో మాట్లాడతారు.